ఎండిన నేలపై నీటిరంగులు

(ప్రయాణంలో వేసిన నీటిరంగుల చిత్రంలో దొర్లిన పొరపాట్లను ఎప్పుడు దిద్దాలి, ఎప్పుడు విడిచిపెట్టాలి, చిత్రాన్ని ఎక్కడ ముగించాలి అన్న విషయాలను కర్నూలు, కడప ప్రాంతాల నేపథ్యంలో వివరించే వ్యాసమిది.)

నీటిరంగుల చిత్రానికి కాగితం, కుంచె, రంగు, నీరు ఉంటే చాలునని సాధారణంగా భావిస్తాం. వీటితో సమానమైన పాత్ర వహించేది మరొకటి ఉంది. అది గాలి. గాలిలోని తేమను బట్టి పూత ఆరే వేగం మారుతుంది. ఆ వేగాన్ని బట్టి చిత్రకారునికి దొరికే వ్యవధి మారుతుంది. ఇంటిలో కూర్చొని వేసేవారికి ఈ తేడా అంతగా తెలియదు. ఊరూరా తిరుగుతూ, వేపచెట్టు నీడనో కోటగోడ పక్కనో కూర్చొని చిత్రించేవారికి మాత్రం మొదటి గంటలోనే అనుభవానికి వస్తుంది.

ఆంధ్రదేశంలో ఆధునిక నీటిరంగుల చిత్రలేఖనం ప్రధానంగా నదీతీరపు తేమగాలిలో పెరిగింది. రాజమహేంద్రవరం కళాశాలకు ప్రిన్సిపాలుగా పనిచేసిన ఆస్వాల్డ్ కూల్డ్రే స్వయంగా నీటిరంగుల చిత్రకారుడు. దామెర్ల రామారావు (1897-1925), అడివి బాపిరాజు ఆయన ప్రోత్సాహంతో ఎదిగినవారే. గోదావరి గట్టున ఉదయపు వేళ వేసిన ఆకాశం చాలాసేపు తడిగానే ఉంటుంది. వంగదేశంలో అవనీంద్రనాథ ఠాకూరు, 1903లో కలకత్తాకు వచ్చిన జపాను చిత్రకారుడు యొకొయామా తైకాన్ ప్రభావంతో రూపొందించిన 'వాష్' పద్ధతి కూడా అటువంటి వాతావరణానికి తగినదే. అందులో కాగితాన్ని మళ్లీ మళ్లీ నీటిలో తడిపి, పలుచని పూతలను ఒకదానిపై ఒకటి పరుస్తారు. తడి నిలిచి ఉండటమే ఆ పద్ధతికి ఆధారం.

ఆ పద్ధతిని యథాతథంగా ఓర్వకల్లు రాళ్ల మధ్యకో, జమ్మలమడుగు దాటి గండికోటకో తీసుకుపోతే ఫలితం వేరుగా ఉంటుంది. కర్నూలు, కడప ప్రాంతాలలో సాలీనా కురిసే వర్షం సుమారు 700 మిల్లీమీటర్లు. అందులో అధికభాగం కొద్ది నెలలలోనే కురుస్తుంది. వేసవిలో ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటుతుంది. మీదుమిక్కిలి, నల్లరేగడి పొలాల మీదుగా పొడిగాలి వీస్తుంది. కుంచె కాగితం కుడి అంచును చేరేలోపు ఎడమ అంచు ఆరిపోతుంది. ఆరిన పూతకు, తడిపూతకు మధ్య గీటుగీసినట్లు గట్టి అంచు ఏర్పడుతుంది. చిత్రకారుడు కంగారుపడి దానిపై మళ్లీ నీరు పెడతాడు. సగం ఆరిన పూతలోకి చొరబడిన ఆ నీరు రంగును వెనుకకు నెట్టి, గోబిపువ్వు వంటి మరకగా విచ్చుకొంటుంది. మొదటిది చిన్న దోషం. రెండవది దిద్దుబాటు వలన పుట్టిన పెద్ద దోషం. ప్రయాణంలో పాడయ్యే చిత్రాలలో ఎక్కువ భాగం ఈ రెండవ కారణం చేతనే పాడవుతాయని చెప్పవచ్చు.

అయితే నీటిరంగుల చిత్రాన్ని అసలు దిద్దవచ్చునా? ఒకసారి పడిన రంగు పడినట్లే అని చాలామంది నమ్మకం. ఇది పూర్తిగా నిజం కాదు. నీటిరంగులో వర్ణపు పొడిని కాగితానికి అంటించి ఉంచేది తుమ్మజాతి చెట్ల నుంచి వచ్చే బంక. రాయలసీమ చెరువుగట్లపై కనిపించే నల్లతుమ్మ కాండం మీద కారి గడ్డకట్టే బంకను చూసినవారికి దీని స్వభావం తెలుసు. అది ఆరితే గట్టిపడుతుంది. నీరు తగిలితే మళ్లీ కరుగుతుంది. కాబట్టి ఆరిన పూతను సైతం తడిపి, కొంత రంగును పైకి ఎత్తవచ్చు. తైలవర్ణాలలో తప్పును కప్పుతాం. నీటిరంగులలో తప్పును కరిగిస్తాం.

ఇందుకు పూత ఏ స్థితిలో ఉన్నదో గుర్తించాలి. కాగితాన్ని కంటి ఎత్తుకు తెచ్చి ఏటవాలుగా చూస్తే అది తెలుస్తుంది. నీరు తళతళలాడుతూ ఉంటే పూత తడిగా ఉన్నట్లు. అప్పుడు శుభ్రమైన నూలుబట్టతో అద్దితే రంగు దాదాపు పూర్తిగా వచ్చేస్తుంది. కుంచెను కడిగి, పిండి, దాని కొసతో తాకినా సరే; దాహంతో ఉన్న కుంచె రంగునీటిని తానే పీల్చుకొంటుంది. తళతళ పోయి, కాగితం చేతికి చల్లగా తగులుతూ ఉంటే పూత సగం ఆరినట్లు. ఈ స్థితిలో దేనినీ ముట్టుకోరాదు. రుద్దితే కాగితపు పొర లేచిపోతుంది. నీరు పెడితే మరక పడుతుంది. చల్లదనం కూడా పోయిన తరువాతనే మళ్లీ పని మొదలుపెట్టాలి. అప్పుడు కొంచెం బిరుసైన కుంచెను తడిపి, దోషమున్న చోట రెండు మూడుసార్లు మెల్లగా కదిపి, బట్టతో అద్ది, ఆగాలి. చాలకపోతే ఆరనిచ్చి మళ్లీ చేయాలి. ఒక్కమారుగా తుడిచివేయాలనే ఆత్రం కాగితాన్ని చింపుతుంది.

రాయలసీమ ఎండ ఇక్కడ చిత్రకారునికి అనుకోని మేలు చేస్తుంది. తేమ ప్రాంతంలో సగం ఆరిన స్థితి చాలాసేపు సాగుతుంది, చేయి ఊరుకోదు. ఇక్కడ ఎండలో ఉంచిన పలుచని పూత కొద్దిసేపటిలోనే పూర్తిగా ఆరుతుంది. పూతను సమంగా పరచడానికి వ్యవధి దొరకకుండా చేసే ఎండే, పాడైన పూతను దిద్దుకోవడానికి తొందరగా అవకాశమిస్తుంది. ఎంత పెద్ద ఆకాశమైనా ఒక్క పూతలో పూర్తి కావాలన్న పట్టుదల విడిచి, కాగితాన్ని ముందుగా రెండువైపులా తడిపి, పలకకు అతికించి, నీడలో వేయడం ఒక ఉపాయం. రంగునీటిలో ఒక చుక్క గ్లిజరిన్ కలిపితే ఆరడం కొంత ఆలస్యమవుతుంది. చుక్క దాటితే మాత్రం పూత జిగటగా మిగిలి, దారిలో లేచే దుమ్మునంతటినీ పట్టుకొంటుంది. దుమ్ము పడితే తడిమీద ఊదవద్దు, తుడవవద్దు. ఆరిన తరువాత పొడికుంచెతో తట్టితే చాలావరకు రాలిపోతుంది. ఉప్పదనం ఎక్కువగా ఉన్న బోరునీటితో పూత సమంగా పరచుకోకపోవచ్చు కనుక తాగేనీటిలో కొంత కుంచె కోసం మిగుల్చుకోవడం మంచిది. ఎండదారిలో ఆ వాటా పంచుకోవడం అంత తేలిక కాదన్నది వేరే సంగతి.

దిద్దడానికి రంగు కూడా సహకరించాలి. కొన్ని రంగులు కాగితపు పైపొరపై నిలుస్తాయి. కొన్ని నారలోకి దిగి మరకగా స్థిరపడతాయి. థాలో నీలం, థాలో ఆకుపచ్చ రెండవ జాతివి. అవి ఒకసారి పట్టితే పూర్తిగా వదలవు. పసుపుమట్టి, కాల్చిన సియన్నా వంటి మట్టిరంగులలో చాలావరకు తడికి లొంగుతాయి. అల్ట్రామెరీన్ నీలం కూడా అంతే. రాయలసీమను చిత్రించడానికి ఎక్కువగా కావలసినవి ఈ మట్టిరంగులే. కొండలలోని ఎరుపు, పొలాల తేనెరంగు, మట్టిమిద్దెల పసుపు, అన్నిటికీ మూలం ఇనుము కలిసిన మట్టి. కడప జిల్లా ముద్దనూరు సమీపంలోని చింతకుంట గుహలలో, కర్నూలు జిల్లా కేతవరం రాళ్లపై ప్రాచీన మానవులు బొమ్మలు గీసిన జేగురు కూడా ఇటువంటిదే. ఆ బొమ్మలను గీసినవారికి తుడిచే అవకాశం లేదు. నేటి విద్యార్థి అదే జాతి రంగును కాగితంపై పెట్టి, నచ్చకపోతే తడిబట్టతో వెనుకకు తీసుకోగలడు. పెట్టెలో పచ్చరంగు బిళ్ల ఉన్నది కదా అని ప్రతి చెట్టుకూ దానినే పూస్తే, దిద్దడం కష్టం. పైగా ఆ పచ్చదనం ఈ నేలది కాదు. ఇక్కడి తుమ్మకు, రేగుకు ఉన్నది బూడిద కలిసిన ఆకుపచ్చ. పసుపుమట్టిలో అల్ట్రామెరీన్ కలిపితే అది వస్తుంది.

ఇక ఏ తప్పును దిద్దాలి అన్నది చేతిపనికి సంబంధించిన ప్రశ్న కాదు, విచక్షణకు సంబంధించినది. గండికోటను ఉదాహరణగా తీసుకొందాం. పెన్నానది ఎర్రమల కొండలను కోసుకొని పారే చోట, నిలువుగా చీలిన లోయ అంచున ఈ కోట ఉంది. లోపల మాధవరాయ ఆలయ గోపురం, జామియా మసీదు మినార్లు దూరం నుంచే కనిపిస్తాయి. ఒక విద్యార్థి ఉదయం ఏడు గంటలకు లోయను చిత్రించడం ప్రారంభించాడనుకొందాం. అప్పుడు ఒకవైపు గోడ నీడలో ఉంది. తొమ్మిదిన్నరకు ఆ నీడ సగం తరిగిపోయింది. అతడు తరిగిన నీడను చూసి, తాను వేసిన నీడ తప్పనుకొని, రంగును ఎత్తివేసి దిద్దుతాడు. మరికొంతసేపటికి మళ్లీ దిద్దుతాడు. చివరకు చిత్రంలో కోటగోడపై ఏడు గంటల వెలుగు, లోయపై పది గంటల వెలుగు పడి, ఆకాశంలో ఇద్దరు సూర్యులున్నట్లు తోస్తుంది. ఇక్కడ మొదట వేసిన నీడలో తప్పు లేదు. దిద్దడమే తప్పు. పని ప్రారంభించగానే నీడల అంచులను పెన్సిలుతో గుర్తించి, కాగితం వెనుక వేళ రాసుకొంటే, తరువాత కన్ను ఏమి చెప్పినా చేయి ఆ గీతకే కట్టుబడి ఉంటుంది.

దీనికి భిన్నమైన దోషం మరొకటి. గోపురానికి, మినారుకు మధ్య దూరం తగ్గిపోయింది. రంగు చక్కగా కుదిరింది, చూసేవారెవరికీ తెలియదు. అయినా ఇది దిద్దవలసిన తప్పు. ఆకాశంలో పడిన నీటిమరక చిత్రాన్ని అందవికారం చేస్తుందేమో గాని అబద్ధం చేయదు. స్థానం తప్పిన గోపురం, ఎంత అందంగా ఉన్నా, అక్కడ లేని కోటను చూపుతుంది. ప్రయాణంలో మరమ్మతుకు సమయం కొద్దిగానే ఉన్నప్పుడు మరకను వదిలి గోపురాన్ని దిద్దాలి. చాలామంది దీనికి విరుద్ధంగా చేస్తారు. మరక కంటికి వెంటనే కనిపిస్తుంది గనుక.

ఈ విషయంలో చరిత్ర మనకు ఒక హెచ్చరిక ఇస్తుంది. కర్నల్ కాలిన్ మెకంజీ (1754-1821) సర్వే పనిలో దక్షిణదేశమంతటా తిరిగాడు. 1794లో శ్రీశైలాన్ని దర్శించి రాసిన వృత్తాంతం 1798లో 'ఏషియాటిక్ రిసర్చెస్' అయిదవ సంపుటంలో అచ్చయింది. 1800లో నిజాము ఆంగ్లేయులకు దత్తం చేసిన మండలాలలోనూ ఆయన ఉద్యోగులు గ్రామచరిత్రలను సేకరించారు. కావలి సోదరులు ఆయనకు కుడిభుజంగా ఉండేవారు. కడప జిల్లా కైఫియత్తులను కడపలోని సి.పి. బ్రౌన్ భాషా పరిశోధన కేంద్రం అనంతరకాలంలో ప్రచురించింది. కైఫియత్తులతో పాటు మెకంజీ సేకరించిన చిత్రాలు పదిహేను వందలకు పైగా లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నాయి. వాటిలో అనేకం దారిలో గబగబా గీసిన రేఖలు కావు. వాటిని చూసి తరువాత చిత్రకారులు తీర్చిన శుభ్రప్రతులు. మూలంలో తొణికిన గీత శుభ్రప్రతిలో నిటారుగా నిలుస్తుంది. కూలిన ప్రాకారం తీరైన గోడగా మారే ప్రమాదమూ ఉంది. నాటి కట్టడం నేడు లేనప్పుడు, శుభ్రప్రతి తప్పో ఒప్పో తేల్చడానికి ఎదుట సాక్ష్యం ఉండదు. దారిలో గీసిన మురికి కాగితానికి ఉన్న విలువ ఇదే. శుభ్రప్రతి తయారైన తరువాత కూడా దానిని పారవేయరాదు.

చిత్రాన్ని అక్కడికక్కడే పూర్తిచేయాలా, బసకు వచ్చి పూర్తిచేయాలా అన్నది చాలాకాలంగా ఉన్న చర్చ. ఆంగ్ల చిత్రకారుడు టర్నర్ 1819లో ఇటలీలో పర్యటించినప్పుడు, ఆరుబయట ఒక్క రంగుల చిత్రం వేసే సమయంలో పదిహేను పదహారు పెన్సిలు చిత్రాలు గీయగలనని అన్నట్లు తెలుస్తుంది. దిద్దుబాటులో కూడా ఆయన జంకు లేనివాడు. తడికాగితాన్ని గోటితో గీకి వెలుగును రాబట్టేవాడు. మనవైపు వచ్చినవారిలో ఎడ్వర్డ్ లియర్ (1812-1888) పద్ధతి ప్రయాణికులకు మరింత అనుకూలం. 1873 నవంబరు నుంచి 1875 జనవరి వరకు ఆయన భారతదేశంలోను సింహళంలోను పర్యటించాడు. మహాబలిపురం, కాంచీపురం కూడా చూశాడు. దృశ్యం ఎదుట పెన్సిలుతో గీసి, ఎక్కడ ఏ రంగో ఆ చోటనే అక్షరాలతో రాసుకొనేవాడు. స్థలం, తేదీ, ఒక్కొక్కసారి వేళ కూడా వేసేవాడు. తీరిక దొరికినప్పుడు గీతలపై సిరా నడిపి, పలుచని రంగులు పూసేవాడు. ఆ అక్షరాలు పూత కింద నేటికీ కనబడతాయి. ఆయన వాటిని దాచడానికి ప్రయత్నించలేదు.

తెలుగు విద్యార్థికి ఈ పద్ధతిలో ఒక సౌలభ్యం ఉంది. రంగులకు మన భాషలో ఉన్న పేర్లు వస్తువులను వెంటబెట్టుకొని వస్తాయి. కావి, జేగురు, వంగపండు రంగు, నెమలికంఠం, చిలకపచ్చ, బూడిద, తేనె, ఇటుక అని రాసుకొంటే రాత్రి బసలో ఆ రంగు తిరిగి కంటికి కడుతుంది. 'ఎరుపు' అని మాత్రమే రాస్తే కట్టదు. తలుపుల ముందు నిలిపిన కడప బండ పొడిగా ఉన్నప్పుడు బూడిదనలుపు; కళ్లాపి నీరు పడితే కారునలుపు. 'బండ, తడి' అన్న రెండు మాటలు రాసుకొంటే ఆ ఉదయమంతా గుర్తుంటుంది. నేడు చేతిలో సెల్‌ఫోను ఉన్నది కదా అనవచ్చు. ఛాయాచిత్రం గోపురం ఎక్కడున్నదో చెప్పడంలో నమ్మదగినది. ఎండలో తీసినప్పుడు మాత్రం అది నీడలను నల్లగా మింగివేసి, ఆకాశాన్ని తెల్లగా వెలవెలబోయేటట్లు చేస్తుంది. కొలతలకు ఫోనును, రంగులకు రాతను ఆశ్రయించడం ఉభయతారకం.

బసలో చేయదగిన పనులు ఏవి? గట్టిపడిన అంచులను తడికుంచెతో మెత్తబరచడం, నీడలు చాలనిచోట పలుచని పూత మరొకటి వేయడం, అనవసరమైన వస్తువును చుట్టుపక్కల ముదురురంగులో కలిపివేయడం. బండపై కూర్చున్న మేక ఆకారం కుదరకపోతే దానిని బండగా మార్చవచ్చు, దానికెవరూ నొచ్చుకోరు. చిన్న తెల్లని మెరుపు కావాలంటే, పూర్తిగా ఆరిన దళసరి కాగితంపై బ్లేడు కొసతో ఒక్కసారి గీకాలి. చదరపు మీటరుకు 300 గ్రాముల బరువున్న కాగితం దీనికి తట్టుకొంటుంది. పలుచని డ్రాయింగు కాగితం తట్టుకోదు. తెల్లరంగుతో కప్పడం చివరి ఉపాయం. కప్పిన చోటు మిగిలిన చిత్రంలా వెలుగును లోపలినుంచి పంపదు. సున్నం పూసిన మచ్చలా కనిపిస్తుంది. రాత్రి విద్యుద్దీపం వెలుగులో రంగుల తేడాలు మోసగిస్తాయి గనుక నీడలను సరిచేసినా, రంగును మార్చే నిర్ణయాన్ని ఉదయానికి వాయిదా వేయాలి. బస్సు ఎక్కేముందు చిత్రం పూర్తిగా ఆరినదో లేదో చూసి, రెండు అట్టల మధ్య పెట్టి కట్టుకోవాలి.

ఎదుట దృశ్యం ఉన్నప్పుడే తేల్చుకోవలసినవి మాత్రం వేరు: ఏ వస్తువు ఎంత దూరంలో ఉంది, ఎక్కడ అతిముదురు, ఎక్కడ అతిలేత, నేలకు ఆకాశానికి మధ్య ఏది వెలుగెక్కువ. రాయలసీమ వేసవి మధ్యాహ్నంలో నేలే ఆకాశం కంటె వెలుగుగా ఉండే ఘడియలుంటాయి. బసలో కూర్చొని, ఆకాశమే వెలుగెక్కువగా ఉండాలి కదా అని నేలను ముదురు చేస్తే, కంటికి పట్టిన నిజం అలవాటు చేతిలో ఓడిపోతుంది.

కొన్ని దృశ్యాలు వాయిదాను ఒప్పుకోవు. శ్రీశైలం జలాశయపు వెనుకనీటిలో మునిగే సంగమేశ్వరం ఆలయం అటువంటిది. ఏటిలో ఎక్కువకాలం అది నీటి అడుగునే ఉంటుంది. వేసవిలో మట్టం దిగినప్పుడు శిఖరం, గోడలు, మెట్లు వరుసగా బయటపడతాయి. బురదపట్టిన రాతికి కొద్దిరోజులలోనే ఎండ తగిలి రంగు మారుతుంది. తడిరాయిని ఒకరోజు, ఎండిన రాయిని మరొకరోజు చూసి ఒకే చిత్రంలో కలిపితే కుదరదు. అటువంటి చోట కాగితం అడుగుభాగాన్ని తెల్లగా వదిలి, నీటిగీతను పెన్సిలుతో గుర్తించి, తేదీ వేసి వచ్చేయడమే ఉచితం. మరుసటి వేసవిలో అదే మెట్టుపై కూర్చోవచ్చు. నీరు ఆనాటి గీతవరకు ఎప్పుడు దిగుతుందన్నది ఆ సంవత్సరపు వానలపై, జలాశయం నుంచి వదిలే నీటిపై ఆధారపడి ఉంటుంది.

అభ్యాసం

1. సగం ఆరిన పూతను ఎందుకు ముట్టుకోరాదో వివరించండి.
2. 'ఇక్కడ మొదట వేసిన నీడలో తప్పు లేదు. దిద్దడమే తప్పు.' సందర్భసహితంగా వ్యాఖ్యానించండి.
3. శుభ్రప్రతి తయారైన తరువాత కూడా మూలచిత్రాన్ని ఎందుకు భద్రపరచాలి?
4. మీ ఊరిలోని ఒక పాత కట్టడాన్ని పెన్సిలుతో గీసి, ఏ చోట ఏ రంగు ఉన్నదో తెలుగు మాటలలో రాయండి. మరునాడు ఆ మాటల ఆధారంతోనే రంగులు వేసి, కట్టడం ఎదుట పెట్టి పోల్చిచూడండి.